గేటు వైపు కొమ్మ

రాషిద్ ఫోను పెట్టేశాడు కానీ ఆయన మాట దౌలత్‌బీ చెవిలోంచి పోలేదు. గంటలో ఇంట్లో ఉంటాం, అమ్మ విమానం దిగినప్పటినుంచీ చెట్టు చెట్టు అని ఒకటే గొడవ, గేటు తీసి ఉంచు, అన్నాడు నవ్వుతూ. గేటు తీయడానికేం, తీసింది, రెండు రెక్కలూ బార్లా తీసి ఇటుకలు అడ్డం పెట్టింది, తీసిన గేటులోంచి దుబాయ్‌కి తూర్పున ఉన్న ఈ ఖోర్ ఫక్కాన్ సముద్రపు గాలి తిన్నగా వచ్చి నిమ్మచెట్టు మీద పడుతోంది, నిమ్మచెట్టుకు నిచ్చెన వేసి ఉంది, నిచ్చెన మీద మీరావలి ఉన్నాడు, మీరావలి చేతిలో రంపం ఉంది, రంపం ముందు గేటు వైపు కొమ్మ ఉంది, ఆ కొమ్మ నిండా మొగ్గలున్నాయి. జర్మనీలో మోకాలి ఆపరేషన్ చేయించుకుని నాలుగు నెలల తర్వాత ఇల్లు చేరుతున్న రాషిద్ తల్లి, ఇక్కడి పనివాళ్ల పిలుపులో మామా, ముందుగా చూడబోయేది ఈ మొగ్గలనే. పందొమ్మిదేళ్లుగా ఆ ఇంట్లో వంటా వార్పూ, తాళాలూ, మామా మందులూ మాత్రలూ చూసుకునే దౌలత్‌బీ, పొదలకూరు నుంచి వచ్చిన దౌలత్‌బీ, ఏ పనీ ఇంకొకరిచేత చెప్పించుకోని దౌలత్‌బీ, ఇప్పుడు ఒక చేతిలో స్పిరిటు సీసా, ఇంకో చేతిలో గుడ్డపేలికా పట్టుకుని బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది.

"బెరడు గీకి సూసినా అక్కా," అన్నాడు మీరావలి పైనుంచి. "దీంట్లో గూడా మసి దిగింది. మానుకు ఇంగ జానెడు దూరంలో ఉండాది. ఈ పొద్దు తీస్తే చెట్టు మిగుల్తాది. పూత సూసుకున్నాక తీద్దామంటావా, మానులోకి దిగుతాది. అప్పుడు నన్ను పిలవొద్దు, గొడ్డలోణ్ణి పిలుచుకో."

"నువ్వేమంటావు అబ్బయా?"

"నేననేది ఏముంది? ఇంటి మనిసి కొమ్మ మీద చెయ్యేసి కొయ్యమనాల. అప్పుడే నేను రంపం పెట్టేది. నా పద్దతి నీకు తెల్సు గదా."

తెలుసు. పోయిన ఆదివారం కూడా ఇంతే, పోర్టు అవతల నర్సరీలో పనిచేసే ఈ రాయచోటి మనిషి తన సెలవురోజును పాడుచేసుకుని వచ్చి, గోడ వైపు రెండు కొమ్మలు చూసి, ఇవి పోయినాయక్కా చెయ్యెయ్యి అన్నాడు, ఆమె చెయ్యేసింది, బిస్మిల్లా అని మొదలుపెట్టాడు. ఆ పని చూస్తూ దౌలత్‌బీ పొయ్యి మీద పాల సంగతి మరిచిపోయింది, పాలు పొంగి స్టవ్వంతా అంటుకుపోయాయి, అయినా ఆమెకు బాధనిపించలేదు. చెట్టు కోయడమంటే ఎగబడి నరకడమే అనుకునేది అంతకుముందు. ఈయన ముందు తడి గోనెపట్టా తెచ్చి కొమ్మ మీద నల్లబడిన చోటంతా పసిబిడ్డకు గుడ్డ చుట్టినట్టు చుట్టాడు, మసి గాల్లో లేస్తే మిగతా కొమ్మలకూ అంటుకుంటుందట. తర్వాత కొమ్మ అడుగు నుంచి కొంచెం కోశాడు, అదేంది కిందినుంచి కోస్తావు అంటే, పైనుంచి కోస్తే బరువుకు విరిగి బెరడంతా చీల్చుకుంటా పోతాది అన్నాడు. పైనుంచి కోసినప్పుడు కొమ్మ ఎంత బుద్ధిగా కిందికి వచ్చిందో. ఒక్కో కోతకీ రంపం దింపి, చెయ్యి చాపేవాడు, స్పిరిటు పోయక్కా అని, పన్ను పన్నూ తుడిచి ఆరనిచ్చి మళ్లీ పెట్టేవాడు. చేపలు కోసిన కత్తిని కూడా తానెప్పుడూ అంత శ్రద్ధగా కడగలేదు. రాలిన ఆకు ఒక్కటి కూడా నేలమీద వదల్లేదు, అన్నీ నల్ల సంచుల్లో మూతికట్టాడు. ఆఖరున డబ్బా మూత తీస్తే లోపల లేత నీలం ముద్ద, ఆ రంగు చూడగానే దౌలత్‌బీకి కళ్లు చెమర్చాయి, సున్నంలో మైలుతుత్తం కలిపిన ముద్ద అది, షార్జా రోలా బజారులో ఎక్కడో దొరికిందట, బస్సులో వచ్చే మనిషిచేత తెప్పించాడట.

నీలం చేతులు నాయనవి. పొదలకూరు నిమ్మతోటల్లో ఇమామ్ హుస్సేన్ అంటే అందరికీ తెలుసు, తోటలు ఆయనవి కావు, గుత్తకు చేసేవాడు, కానీ చెట్లు మాత్రం ఆయన మాటే వినేవి. ఏటా మానులకు మైలుతుత్తం పూసి పూసి చేతిగోళ్లు కూడా నీలంగా ఉండేవి, పెళ్లిలో బిర్యానీ తింటున్నా నీలమే, నమాజుకు చెయ్యెత్తినా నీలమే. ఏడాదికోసారి చెట్లకు బెట్ట పెట్టేవాడు. ఉన్నట్టుండి నీళ్లు ఆపేయడం, అంతే. చెట్టుకు దప్పికేస్తుంది, ఆకు ముడుచుకుంటుంది, కొంత రాలుతుంది, ఇక బతకనేమోనని దానికి భయం పుడుతుంది, అప్పుడు నీళ్లు వదిలితే మూడు వారాల్లో కొమ్మ కనపడకుండా పూస్తుంది. ఎన్నాళ్లు ఆపాలనేది మాత్రం ఎవరికి పడితే వారికి తెలిసేది కాదు. నాయన చీకటితోనే లేచి దౌలతూ రావే అని వెంట తీసుకుపోయేవాడు, తెల్లవారే వేళకు ఆకు చూపించేవాడు. మధ్యాహ్నం ముడుచుకున్న ఆకు తెల్లారేసరికి విప్పుకుందా, చెట్టుకింకా ఓపికుంది, ఆపొచ్చు. తెల్లారినా ముడుచుకునే ఉందా, ఇక ఒక్కపూట కూడా ఆగకూడదు, పరిగెత్తి మోటరెయ్యాలి. ఇంత చదువూ ఆయన బడికి పోకుండానే చదువుకున్నాడు. దౌలత్‌బీకి ఇప్పటికీ ఆయనంటే అంతే గొప్ప, పోయి పదిహేనేళ్లయినా ఆయన చెప్పిన మాట పొల్లుపోతుందని ఆమెకు కలలో కూడా అనిపించలేదు, అదే కొంప ముంచింది.

గాలికి మొగ్గలు ఊగుతున్నాయి. బియ్యపు గింజలంత ఉన్నాయి కొన్ని, కొన్ని లావెక్కి ఊదారంగు పట్టాయి, రేపో ఎల్లుండో విచ్చుకుంటాయి. పోయిన శుక్రవారం వీడియో ఫోనులో మామాకు చూపించింది, మామా కళ్లద్దాలు పెట్టుకుని, తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూసింది. తర్వాత ఫోను అద్దానికి ముద్దు పెట్టింది, తెరంతా మామా పెదాలే కనిపించాయి. కోడల్ని పిలిచింది, ఆసుపత్రి నర్సును పిలిచింది, జర్మనీ నర్సు వచ్చి ఖోర్ ఫక్కాన్ నిమ్మమొగ్గలు చూసి చప్పట్లు కొట్టింది. రెండేళ్లుగా ఆ చెట్టు సరిగ్గా పూయలేదు మరి. పూర్వం ఈ సందులో ఇంటింటికీ నిమ్మచెట్టు ఉండేదట, ఆకులన్నీ చీపురుకట్టల్లా గుత్తులు కట్టే తెగులేదో వచ్చి ఒక్కొక్కటే పోయాయట, ఇదొక్కటే మిగిలిందని మామా చెబుతుంది, చెప్పినప్పుడల్లా మాను మీద చెయ్యేసి చెబుతుంది. ఆపరేషన్‌కు వెళ్లేముందు రోజు డాబా మీద కూర్చుని, పాత సీసాలో ఆఖరుగా మిగిలిన లూమీలు నాలుగింటిని చెవి దగ్గర పెట్టి ఆడించి చూసింది. ఉప్పునీళ్లలో ఉడికించి ఎండబెట్టిన ఆ నల్ల నిమ్మకాయలు లోపల గలగలమంటేనే సరిగ్గా ఎండినట్టు. ఇవైపోతే మళ్లీ నా చెట్టు లూమీ నేను తింటానంటావా దౌలత్ అని అడిగింది. మామా అలా అడిగే మనిషి కాదు. మొగుడు పోయినప్పుడు కూడా ముందు వచ్చినవాళ్లందరికీ గాహ్వా కాఫీ అందిందా లేదా అని చూసిన మనిషి. ఆ గొంతులో భయం మొదటిసారి విని దౌలత్‌బీకి ప్రాణం ఉసూరుమంది, చెట్టు నాకొదిలెయ్ మామా అంది. అత్తలాంటి ఆడమనిషిని మామా అని పిలవడమేమిటని వచ్చిన కొత్తలో నెలంతా నవ్వుకుంది తను, ఇప్పుడా పిలుపులో నవ్వొచ్చేదేమీ మిగల్లేదు.

చెట్టు నాకొదిలెయ్ అంది కదా, ఆ మాట నిలబెట్టుకోవాలని సెప్టెంబరులో నీళ్ల వాల్వు తిప్పి కట్టేసింది. ఎవరికీ చెప్పలేదు, చెప్పడానికేముంది, ఇది పొదలకూరు విద్య, వీళ్లకేం తెలుస్తుంది అనుకుంది. లోలోపల కాస్త గర్వం కూడా లేకపోలేదు, మామా వచ్చేసరికి చెట్టు పూసి ఉంటుంది, ఏం చేశావే అని అడుగుతుంది, అప్పుడు నాయన పేరు చెబుతాను అనుకుంది. రోజూ తెల్లవారి నమాజు కాగానే వచ్చి ఆకు చూసేది. విప్పుకునే ఉండేది ఆకు, నిగనిగలాడుతూ చల్లగా తడిగా ఉండేది. ఓపికుంది చెట్టుకు అనుకునేది, ఎనిమిదో రోజూ విప్పుకుంది, పన్నెండో రోజూ విప్పుకుంది, గట్టి చెట్టే ఇది మామా లాగే అని మెచ్చుకుంది కూడా. ఆ తడి చెట్టుది కాదు, సముద్రానిది. రాత్రంతా సముద్రం మీదినుంచి వచ్చే ఆవిరి ఆకుల మీద దిగి తెల్లారేసరికి వాటిని తడిపి విప్పి పెట్టేది, వేళ్ల దగ్గర మాత్రం మట్టి రాయిలా ఉంది. పొదలకూరులో సముద్రం లేదు, నాయన చదువులో సముద్రం గురించి లేదు. పదిహేనో రోజుకు గోడ వైపు ఆకు జలజలా రాలింది, రాలితే మంచిదే, బెట్టలో పావువంతు రాలాలి అనుకుంది, ఆ రాలిన చోటల్లా బెరడుకు మిట్టమధ్యాహ్నపు ఎండ నేరుగా తగులుతోందని ఆలోచించలేదు. పద్దెనిమిదో రోజు వాల్వు తిప్పింది. మొగ్గలు వచ్చాయి, గేటు వైపు విరగబడి వచ్చాయి, గోడ వైపు మాత్రం ఉన్న ఆకులు కూడా మాడి రాలకుండా కొమ్మకే వేలాడుతున్నాయి. దగ్గరికెళ్లి బెరడు మీద వేలుతో నొక్కితే బెరడు పెచ్చులా ఊడి వచ్చింది, దాని కింద నల్లటి పొడి, వేలు నిండా అంటుకుంది. రొట్టెల పెనం అడుగున ఉండే మసిలాగే ఉంది, కడిగితే పోలేదు. అప్పటినుంచి మామాతో వీడియో మాట్లాడేటప్పుడల్లా గేటు వైపే నిలబడి చూపించేది.

"ఈ బూజు ఎక్కడినుంచో దండెత్తి రాల్యాదక్కా," అని పోయిన ఆదివారమే చెప్పాడు మీరావలి. నర్సరీ మేనేజరు, ఈజిప్టు ముదీర్ దగ్గర నేర్చుకున్నాడట ఇదంతా. "చెట్టు బెరడు సందున అదెప్పటినుంచో ఉంటాది. చెట్టు కులాసాగా ఉన్నన్నాళ్లు తలెత్తదు. దప్పిగొనిందా, ఎండ దెబ్బ తగిలిందా, ఇంగ సూడు." ఎన్నేళ్లు పడుకుని ఉంటుందట అలా, అయిదేళ్లు, పదేళ్లు, ఆకలని అడగదు, కదలదు, చెట్టు ఎప్పుడు నీరసపడుతుందా అని కాచుకుని ఉంటుంది, దౌలత్‌బీకి ఒళ్లు జలదరించింది కానీ, అబ్బ ఏం ఓపికరా దీనికి అని కూడా అనిపించింది. బెరడు కింద దాగిన ఆ పొడికి చెట్టు సంగతి తనకంటే బాగా తెలుసు. తను రోజూ తెల్లారి ఆకు చూసి మోసపోయింది, అది మోసపోలేదు, చెట్టుకు నిజంగా దప్పికేసిన రోజును సరిగ్గా పట్టుకుంది. మొగ్గకూ మసికీ మూలం ఒక్కటే దప్పిక, రెండింటినీ లేపింది తన చెయ్యే. ఇది తలుచుకున్నప్పుడల్లా అరచేతిని పావడాకు తుడుచుకోవడం అలవాటైపోయింది ఈ పది రోజుల్లో. ఇప్పుడూ తుడుచుకుంది, పావడాకు స్పిరిటు వాసన అంటింది.

స్పిరిటు వాసన అంటే కరోనా ఏడాది. ఇల్లంతా ఇదే వాసన, తలుపు గొళ్లేలూ, కూరగాయలూ, రూపాయి బిళ్లంత సబ్బుముక్కలూ. అందరికంటే ముందు జ్వరం వచ్చింది తనకే. రాషిద్ వేరే చోటికి పంపేద్దామా అన్నాడు, పాపం ఆయన తప్పేం లేదు, ఇంట్లో చిన్న పిల్లలున్నారు. మామా ఒక్క మాటంది, ఖలాస్, దౌలత్ ఎక్కడికీ పోదు, అని. వెనక గదిలో పద్నాలుగు రోజులు ఉంది తను, రోజూ సాయంత్రం తలుపవతల కుర్చీ ఈడ్చిన చప్పుడు వినిపించేది, తర్వాత గడప దగ్గర గ్లాసు పెట్టిన చప్పుడు, లూమీ చితక్కొట్టి కాచిన నల్లటి పుల్లటి చాయ్. డెబ్బయ్యేళ్ల మనిషి, మోకాళ్లు అప్పటికే పట్టేశాయి, మెట్లు దిగి తనే తెచ్చేది. తాగు అనేది. తాగాక గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినేదాకా అవతల కదలకుండా కూర్చునేది. మామా ఇలాంటిదని ఎవరికి చెబితే నమ్ముతారు, గొప్పింటి మనిషి, కోపమొస్తే కాకులు కూడా గోడ మీద వాలవు. దౌలత్‌బీ తన బతుకులో ఇద్దరికే మనసులో సలాం పెట్టుకుంటుంది, నాయన ఒకరు, మామా ఒకరు, ఒకరి విద్యతో ఇంకొకరి చెట్టును ఇలా చేసుకుంది.

కొండ నీడ ప్రహరీ దాటి లోపలికొచ్చింది. ఖోర్ ఫక్కాన్‌లో అస్తమయం కంటే ముందే కొండ పొద్దును మింగేస్తుంది, నీడ చెట్టు మొదలును తాకేసరికి మామా వస్తుంది, లెక్క అలాగే ఉంది. అక్కడ పోర్టులో క్రేను ఏదో గంట కొట్టుకుంటూ కదులుతోంది. ఇంకా టైముంది అనుకుంది, ఇంకా అనుకోవడానికి ఏముంది అని కూడా అనుకుంది. కొమ్మనుంచితే ఏమవుతుంది, మామా కారు దిగుతుంది, పూత చూస్తుంది, నాలుగు నెలల బాధ ఒక్క క్షణంలో మరిచిపోతుంది, వారం పోయాక మెల్లగా చెప్పొచ్చు, మామా తెగులు తగిలింది అని. పొద్దున నెల్లూరినుంచి కూతురు అయేషా కూడా ఫోనులో అదే చెప్పింది, ఎండకు పోయిందని చెప్పెయ్ మా, దుబాయ్ ఎండ సంగతి ఎవురికి తెలీదు, నువ్వు నీళ్లాపినట్టు ఎవురన్నా చూశారా ఏంది అని. ఎవరూ చూడలేదు. అయేషా తెలివైన పిల్ల, చెప్పిందాంట్లో అబద్ధం కూడా పెద్దగా లేదు, ఎండే కదా ఆఖరికి కాల్చింది. మీరావలి నోరు విప్పే మనిషి కాదు, బెట్ట సంగతి ఆయనకు చెప్పుకున్నప్పుడు కూడా, మా రాయచోటి పక్క చీనీ తోటల్లో మేమూ పెడతామక్కా అన్నాడే తప్ప ఇంకొక మాట అనలేదు. అంతా తనమీదే ఉంది. పూత ఈ వారం, చెట్టు ఎప్పటికీ, ఏది కావాలో తేల్చడం అంత కష్టమా అంటే కష్టమే, ఎందుకంటే మామా ఎప్పటికీ ఉండదు. డెబ్బైరెండేళ్లు. ఈ వారం నవ్వితే చాలదా అనిపిస్తుంది ఒక్కోసారి, నరికిన చెట్టును చూపించి ఏడిపించడం న్యాయమా అనిపిస్తుంది.

అయినా మామా ఏమంది ఆ రోజు జర్మనీ నుంచి. కాలు ఇదివరకటిలా రాదని డాక్టరు మొహం మీదే చెప్పేశాడట, మిగతావాళ్లంతా ఇన్‌షా అల్లా అన్నీ బాగవుతాయి అంటూ దుప్పటి సర్దిపోతుంటే ఆయనొక్కడే కుర్చీ లాక్కుని కూర్చుని, మేడమ్, ఇంత వస్తుంది, ఇంత రాదు అని చేత్తో చూపించాడట. నాకా మనిషి నచ్చాడు దౌలత్, మిగతావాళ్లు నన్ను పసిపిల్లను చేశారు, వాడొక్కడు నన్ను మనిషిగా చూశాడు అంది. ఆ మాట అన్నప్పుడు ఫోను పట్టుకుని గేటు వైపు నిలబడి ఉంది తను. అప్పుడే సిగ్గేసింది. ఇప్పుడు ఆ సిగ్గు కాళ్లలోకి దిగింది, దౌలత్‌బీ బకెట్టు మీదినుంచి లేచింది. నాయన కూడా ఒక ఏడు గూడూరు పక్క ఒక తోటలో బెట్ట ఎక్కువపెట్టి ఎనిమిది చెట్లు పోగొట్టాడు, ఎవరూ చూడకముందే తనే ఆసామి ఇంటికి వెళ్లి, నా చేతులారా చేశానయ్యా అని చెప్పి వచ్చాడు, ఆ రాత్రి అమ్మ చేత రెండోసారి అన్నం వడ్డించుకుని తిన్నాడు. అది మరిచిపోయింది తను ఇన్నాళ్లు, బెట్ట పెట్టడం గుర్తుపెట్టుకుని ఇది మరిచిపోయింది.

నిచ్చెన రెండు మెట్లెక్కి కొమ్మ మీద చెయ్యేసింది. పైన చల్లగా నున్నగా ఉంది, అడుగున గరుకుగా ఉంది. మొగ్గల వాసన ముక్కుకు తగిలింది, ఇంకా విచ్చుకోకుండానే ఆ వాసన, నాయన తువ్వాలులో ఉండే వాసన. "కొయ్యి అబ్బయా," అంది. మీరావలి ఆమె మొహం వంక చూడలేదు, అది కూడా ఆ మనిషి మర్యాదే. గోనెపట్టా తడిపి చుట్టాడు. బిస్మిల్లా అన్నాడు. అడుగునుంచి కొంచెం, తర్వాత పైనుంచి, రంపం లాగుతుంటే పొట్టు సన్నగా రాలింది, ముందు గోధుమరంగు, తర్వాత తెలుపు, నల్ల చార ఒక్కటి కూడా లేని తెలుపు కనిపించాక, దొరికిందక్కా అంచు, అన్నాడు, ఆ గొంతులో సంతోషం దాచుకోలేకపోయాడు. మూడుసార్లు స్పిరిటు పోసింది. కొమ్మ మొగ్గలతో సహా కిందికి దిగింది. ఒక్క రెమ్మ గ్లాసులో పెట్టుకోనా అని అడుగుదామనుకుంది, మామాకు చూపడానికి ఒక్కటంటే ఒక్క రెమ్మ, అంతలో మీరావలి సంచి మూతి తెరిచి పట్టుకున్నాడు, అడగలేదు, తన చేతులతోనే తోసేసింది లోపలికి. నీలం ముద్ద పూయడం మాత్రం తనే పూస్తానంది, వేళ్లతోనే పూసింది, గోళ్ల సందుల్లోకి నీలం దిగింది.

కారు హారను గేటు దగ్గర కాదు, సందు మొదట్లోనే వినిపించింది, రాషిద్ కొడుకు నొక్కి ఉంటాడు. మామా దిగడానికి చాలాసేపు పట్టింది, ముందు వాకరు దిగింది, తర్వాత ఒక కాలు, తర్వాత ఇంకో కాలు. చిక్కిపోయింది. ఇంటి వైపు చూడలేదు, కోడలు చాపిన చేతి వైపు చూడలేదు, గేటు లోపలికి రెండడుగులు వేసి తలెత్తింది, ఫోనులో ఎక్కడ మొగ్గలు చూసిందో అక్కడికే, అక్కడ ఆకాశం ఉంది. వాకరు ఆగిపోయింది. దౌలత్‌బీ అరబ్బీలో మాటలు తక్కువ, చేతులు ఎక్కువ, నీలం చేతులు రెండూ ముందుకు చాపి, మామా, ఎండ కాదు, నేను, మాయ్, నీళ్లు, బంద్ చేసింది నేను, పువ్వు రావాలని, పద్దెనిమిది రోజులు, పువ్వు వచ్చింది, జబ్బూ వచ్చింది, ఈ రోజు నేనే కొయ్యమన్నాను, అని ఒక్క ఊపిరిలో చెప్పేసింది. చెప్పాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రాషిద్ నోరు తెరిచాడు, మామా వాకరు మీదినుంచి ఒక వేలు ఎత్తింది, మూసుకున్నాడు.

కుర్చీ అడిగింది, చెట్టు కిందే వేయించుకుని కూర్చుంది. మీరావలి టోపీ తీసి పక్కకు తప్పుకున్నాడు. మామా చెయ్యి చాచి, అందిన మేర, పోయిన ఆదివారపు కోత మీద బొటనవేలు తిప్పింది, ఆరిన నీలం ముద్ద చుట్టూ, గుండ్రంగా, ఎక్కడా చీలిక లేదు. నా మోకాలు కోసినవాడి చెయ్యి కూడా ఇంత శుభ్రం కాదు, అని మీరావలి వైపు చూసి, ఆయనకు గాహ్వా ఇచ్చారా అని అడిగింది. ఇవ్వలేదు. ఇవ్వండి అంది. తర్వాత దౌలత్‌బీని రమ్మని సైగ చేసింది, వంగమంది, వంగితే చెవి పట్టుకుంది, గట్టిగానే మెలిపెట్టింది, చిన్నపిల్లకు పెట్టినట్టు.

"అషరా," అంది చెవిలో. "పది. మా అమ్మ పది రోజులే ఆపేది. ఇక్కడ పొద్దున ఆకు చూడకూడదు దౌలత్, మట్టి చూడాలి. ఇన్నేళ్లు నా ఇంట్లో ఉండి, నన్ను అడగకూడదా?"

దౌలత్‌బీ వంగినది వంగినట్టే ఉండిపోయింది. చెవి మండుతోంది, ఏడుపొస్తోంది, నవ్వు కూడా వస్తోంది, పొదలకూరు విద్య అని పందొమ్మిదేళ్లు కడుపులో దాచుకుంది తను, అవతల ఈమె దగ్గరా అదే విద్య ఉంది, ఈమె దాచుకోలేదు కానీ అడిగినవాళ్లు లేరు. ఇమామ్ హుస్సేనూ మామా వాళ్లమ్మా ఒకచోట కూర్చుని ఉంటే ఎంత మాట్లాడుకునేవారో. మామా చెవి వదిలింది, నీళ్ల వాల్వు వైపు గడ్డంతో చూపించింది. యల్లా, మాయ్, అంది. దౌలత్‌బీ వెళ్లి వాల్వు తిప్పింది, నీళ్లు పాదులోకి చప్పుడు లేకుండా పారి, మాను చుట్టూ మట్టి నల్లబడింది. మీరావలి చేతిలో గాహ్వా గ్లాసు పొగలు కక్కుతోంది. మామా కుర్చీలో ముందుకు వంగి మట్టినే చూస్తోంది. ఈసారి చాలనే మాట ఆమె నోటినుంచే రావాలని దౌలత్‌బీ వాల్వు మీద చెయ్యేసి అక్కడే నిలబడింది.